‘ఏడ ఆగిందో నువ్వే చూడు తమ్మీ!’

పోతిరెడ్డిపల్లి: పొద్దున ఏడు గంటలు. చౌరస్తాలో కంపెనీల షిఫ్టు బస్సుల కోసం టిఫిన్ డబ్బాలు పట్టుకుని కుర్రాళ్లు నిలబడ్డారు. పటాన్‌చెరు, పాశమైలారం వైపు వెళ్లే ఆటోల గోల ఒక పక్క, చాయ్ హోటల్లో గ్లాసుల చప్పుడు ఇంకో పక్క. ఆ సందడిలోనే ఒక నడివయసు ఆమె హోటల్ వెనక అరుగు మీద కూర్చుని, చేతిలో ఫోన్ పెట్టుకుని ఒంటరిగా మాట్లాడుతోంది.

‘‘గిప్పుడు పచ్చ బొత్తాం ఒత్తిన. ఏం కాలే. మళ్ల ఒత్తిన. గిది తిరుగుతనే ఉన్నది. పైసలు పోయినయా, ఉన్నయా నాకు సమజైతలేదు. నా పానం కొట్టుకుంటున్నది...’’

చెవికి ఫోన్ లేదు. అవతల ఎవరూ పలకడం లేదు. చూసినవాళ్లు ఏమనుకుంటారు? చాయ్ తాగుతున్న ఒక పెద్దాయన ఉండబట్టలేక అడిగేశాడు. ‘‘ఏందమ్మా, ఎవ్వలతోని ముచ్చట పెడుతున్నవ్?’’

‘‘ఎవ్వల్తో లేదే కాకా. ఫోన్ల రికార్డ్ అయితున్నది. పట్నంల ఉన్న పిలగానికి పంపుతా. ఆ పిలగాడు చూసి బాగు జేస్తడు’’ అందామె.

అదీ సంగతి. ఆమె తమ పొదుపు సంఘం లెక్కలు రాసే మనిషి. పదో తరగతి దాకా చదివింది. ‘పట్నం పిలగాడు’ అంటే పొదుపు సంఘాల లెక్కల కోసం ఫోన్‌లో ఒక యాప్ తయారు చేస్తున్న ఇంజనీరు కుర్రాడు. కొత్తగా పెట్టిన ఇలాంటి చిన్న కంపెనీలనే ఇప్పుడు స్టార్టప్‌లు అంటున్నారు. యాప్ వాడేటప్పుడు ఫోన్ తెర మీద జరిగేదంతా, వాడే మనిషి మాటతో సహా, వీడియోగా రికార్డు చేసి ఆ కుర్రాడికి పంపడమే ఈమె చేస్తున్న పని.

ఇందులో వింతేముంది అనుకోవచ్చు. ఈ విలేఖరి కూడా మొదట అలాగే అనుకున్నాడు. ఆమె పంపిన ఒక రికార్డింగు వల్ల ఏం బయటపడిందో విన్న తర్వాత ఆ మాట మార్చుకోవలసి వచ్చింది.

నూటికి రూపాయి

యాప్‌లో ‘అప్పు’ అని ఒక పేజీ ఉంది. సభ్యురాలి పేరు, అప్పు మొత్తం, కిస్తీలు ఎన్ని అని వరుసగా అడుగుతుంది. చివర్లో ‘వడ్డీ శాతం’ అని ఒక గడి. ఆమె రికార్డింగులో అక్కడికి వచ్చి, ‘‘వడ్డీ నూటికి రూపాయి గదా, ఒకటి కొడుతున్న’’ అని చెప్పి 1 అంకె నొక్కింది. యాప్ కిమ్మనకుండా తీసుకుంది. తప్పు అని ఎర్ర గీత రాలేదు, గంట మోగలేదు.

పాఠకులకు తెలిసిందే, మన దగ్గర వడ్డీ అంటే నెలకు నూటికి ఇంత అని లెక్క. రూపాయి వడ్డీ అంటే పదివేల అప్పుకు నెలకు వంద, ఏడాదికి పన్నెండు వందలు. బ్యాంకువాళ్ల భాషలో అది ఏడాదికి 12 శాతం. ఇంజనీరు కుర్రాడు బ్యాంకు పద్ధతిలో యాప్ రాసుకున్నాడు. ఆ గడిలో 1 అని కొడితే ఏడాదికి ఒక శాతం అని అది అర్థం చేసుకుంటుంది. అంటే పదివేలకు ఏడాది వడ్డీ వంద రూపాయలే! ఒక్కో అప్పు మీద సంఘానికి రావలసిన దాంట్లో 1,100 రూపాయలు తక్కువ పడుతుంది. పదిమంది తీసుకుంటే 11 వేలు.

తరువాత పుస్తకంలో లెక్క ఒకటి, ఫోన్‌లో లెక్క ఒకటి అయితే మాట ఎవరి మీదికి వస్తుంది? యాప్ మీదికి రాదు. లెక్కలు రాసే మనిషి మీదికే వస్తుంది. పైసల దగ్గర పేరు పోతే ఊళ్లో ఆడమనిషికి ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

‘‘ఆ అప్పు పేజీని మూడు వందల మంది దాకా వాడారు. అందరూ చివరి దాకా వెళ్లారు. కంప్యూటర్ లెక్కలో అంతా సక్రమంగా ఉన్నట్టే కనిపించింది. అక్క నోటి నుంచి ‘నూటికి రూపాయి’ అన్న మాట వినబడే దాకా నాకు తెలియలేదు’’ అని ఆ కుర్రాడు ఈ విలేఖరితో ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రే మిగతా సంఘాల లెక్కలన్నీ తీసి చూసుకున్నాడట. ఒకటి, ఒకటిన్నర, రెండు అని కొట్టినవాళ్లు చాలామందే తేలారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సరిదిద్దించడానికి వారం పట్టింది.

అంకెలు ఎందరు వచ్చారో, ఎందరు పోయారో చెబుతాయి. ఏమనుకుని ఆ బొత్తాం నొక్కారో చెప్పవు. అది తెలియాలంటే నొక్కుతున్న మనిషి మాట వినాలి. బోరు మోటారు చెడిపోతే మన రైతులు చేసే పని చూడండి. ఇదివరకు మెకానిక్ దగ్గరికి వెళ్లి ‘నడుస్తలేదు’ అనేవారు. ఇప్పుడు ఆ మోటారు చేసే చప్పుడునే ఫోన్‌లో పట్టుకుపోయి వినిపిస్తున్నారు. మెకానిక్ చెవి పెట్టి వినగానే బేరింగు పోయిందో, నీరు అందడం లేదో చెప్పేస్తాడు. తెర రికార్డింగు కూడా అలాంటిదే.

మొహం మీద ఎట్ల చెప్తం?

ఆ కుర్రాడు మొదట్లో స్వయంగా వచ్చాడు. సంఘం మీటింగులో కూర్చుని యాప్ చూపించి, ఎలా ఉందని అడిగాడు. అందరూ బాగుందన్నారు. చాయ్ పోశారు. ఒకామె బూందీ పెట్టింది. అతను సంతోషంగా వెళ్లిపోయాడు. తరువాత ఒక్కరూ యాప్ తెరవలేదు.

‘‘ఎండల బస్సెక్కి వచ్చిండు. కొడుకసొంటోడు. గాయన మొహం మీద బాగలేదని ఎట్ల చెప్తం?’’ అని సంఘం సభ్యురాలు ఒకరు నవ్వుతూ అన్నారు.

ఇది మన మర్యాద. పెళ్లి భోజనంలో పప్పులో ఉప్పు లేకపోయినా బాగుందనే చేయి కడుక్కుంటాం. కానీ వంటమనిషి నేర్చుకోవాలంటే ఆ మర్యాద పనికిరాదు. ఎదురుగా మనిషి లేకుండా, ఇంట్లో తీరిక దొరికినప్పుడు ఫోన్‌తో తనకు తాను చెప్పుకుంటూ పోతే నోటికి అడ్డం ఉండదు. మన లెక్కల అక్క ఒక రికార్డింగులో ‘సమర్పించు’ అన్న బొత్తాం దగ్గర ఆగి, ‘‘సమర్పించుడేంది? కొబ్బరికాయనా?’’ అంది. ఇంకోచోట ‘కొనసాగించు’ అని ఉంటే, ‘‘ఇంకెంత కొనసాగాలె తండ్రీ, పొయ్యి మీద అన్నం మాడుతున్నది’’ అంది. మీటింగులో అయితే ఈ మాటలు ఆమె నోట వచ్చేవా?

అన్నట్టు ఈ తెలుగు బొత్తాల బాధ ఒక్క యాప్‌దే కాదు. ఇంగ్లీషు మాటను నిఘంటువులో చూసి తెలుగు చేసేవారికి ఊళ్లో మనిషి ఆ మాట వింటాడా అన్న ఆలోచన ఉండదు. ‘జమ’, ‘బాకీ’, ‘కిస్తీ’, ‘రాసుకో’ వంటి మాటలు తరతరాలుగా మన లెక్కల పుస్తకాల్లోనే ఉన్నాయి.

నోరు విప్పి చేయడం

పని చేస్తూ మనసులో అనుకునేదంతా పైకి చెప్పించి, దాన్ని బట్టి యంత్రాన్ని సరిచేయడం పాత పద్ధతే. అమెరికాలో ఐబీఎం కంపెనీలో పనిచేసిన క్లేటన్ లూయిస్ 1982లోనే కంప్యూటర్ వాడేవారి మీద ఈ పద్ధతి గురించి రాశాడు. తరువాత డెన్మార్క్‌కు చెందిన జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో ఒక లెక్క చెప్పాడు. ఐదుగురి చేత వాడించి చూస్తే చాలు, వాడకంలో ఉన్న ఇబ్బందుల్లో నూటికి 85 దాకా బయటపడతాయన్నాడు. వెయ్యి మందిని అడగనక్కరలేదన్న మాట. అయితే ఆ ఐదుగురూ నిజంగా వాడేవాళ్లై ఉండాలి. మాదాపూర్‌లో పక్క కుర్చీలో కూర్చునే స్నేహితుల చేత వాడిస్తే ‘నూటికి రూపాయి’ ఎప్పటికీ బయటపడదు.

దూరంగా ఉన్నవారి చేత వీడియో తీయించి, కొత్త కంపెనీల వస్తువు మీద అభిప్రాయం చెప్పించడమే వ్యాపారంగా 2015లో అమెరికాలో ఓపెన్‌టెస్ట్ అని ఒక కంపెనీ మొదలైంది. నిపుణులు యాప్‌నో వెబ్‌సైటునో వాడుతూ తప్పులు చెబుతూ వీడియో పంపాలి. ఆ వ్యాపారం సాగలేదు. కానీ తెర రికార్డు చేసే వాళ్ల పనిముట్టు జనానికి నచ్చింది. దాన్నే పట్టుకుని పేరు మార్చుకున్నారు. అదే లూమ్. 2023లో ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ అనే కంపెనీ దాన్ని దాదాపు 97 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. మన లెక్కలో సుమారు ఎనిమిది వేల కోట్ల రూపాయలు! నాగలి అమ్మబోయినవాడి దగ్గర చెర్నాకోల అమ్ముడుపోయినట్టు అయింది.

మన అక్కకు లూమ్ అక్కరలేదు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి తెర రికార్డు చేసే ఏర్పాటు ఫోన్‌లోనే వస్తోంది.

ఈ జిల్లాకు కొత్త కాదు

కెమెరా పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పడం మన జిల్లా ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, చాలామంది బడి ముఖం చూడనివారు, పాతికేళ్ల క్రితమే వీడియో కెమెరా నేర్చుకున్నారు. దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఆ కాలంలో ఈ మహిళలు వరంగల్ జిల్లా పల్లెలకు వెళ్లి, ఆ విత్తనం వేసిన రైతులను వారి చేలల్లోనే పలకరించి సినిమా తీశారు. విత్తనం అమ్మినవారు చెప్పిన మాట వేరు, చేనులో నిలబడ్డ రైతు చెప్పిన మాట వేరు. ఆ రెండో మాట రికార్డు అయింది కాబట్టే దేశం దాటి వినబడింది. వారి సంగం రేడియో 2008లో మాచ్‌నూర్‌లో మొదలైంది.

తయారు చేసేవారూ మనకు కొత్త కాదు. పోతిరెడ్డిపల్లి నుంచి హైవే మీద కాస్త దూరం పోతే కంది వస్తుంది. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలైన ఐఐటీ హైదరాబాద్ ఇప్పుడు ఉన్నది అక్కడే. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972 నుంచి ఉంది. వ్యవసాయానికి సంబంధించిన కొత్త కంపెనీలకు ఊతమిచ్చే విభాగాన్ని అక్కడ 2003లోనే పెట్టారు. హైదరాబాద్‌లో టీ-హబ్ 2015లో మొదలై, 2022లో రాయదుర్గంలో పెద్ద భవనంలోకి మారింది. 2019లో రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో పల్లెల్లో కొత్త పనిముట్లు చేసినవారిని వాట్సాప్‌లో వీడియో పంపమంది. ఎంపికైన వాటిని ఆగస్టు 15న జిల్లాల్లో ప్రదర్శనకు పెట్టించారు.

ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం కథ తెలియనివారు తక్కువ. తల్లి చేతి నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999 నాటికి యంత్రం నడిపించాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు వీడియో అవసరం రాలేదు. ఆసు పోసే మనిషి ఇంట్లోనే ఉంది. ఇప్పుడు యాప్ చేసే పిల్లలకు ఆ వీలు లేదు. వాడే మనిషి యాభై కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఆ దూరానికే ఈ రికార్డింగు.

ఈ విలేఖరికి జరిగిన ముచ్చట

చెప్పుకోవాలంటే కాస్త సిగ్గుగానే ఉంది. కిందటేడు ఒక కొత్త కంపెనీ (పేరు అనవసరం) వాళ్ల యాప్ వాడి రికార్డింగు పంపమని ఈ విలేఖరిని అడిగింది. సరేనని ఒక సాయంత్రం కూర్చుని పది నిమిషాలు రికార్డు చేసి, వెనక్కి తిప్పి చూడకుండానే పంపడం జరిగింది. రాత్రి తీరిగ్గా చూస్తే ఏముంది! మధ్యలో తెర పైనుంచి బ్యాంకు మెసేజి దిగింది. ఖాతాలో మిగిలిన నాలుగు వందల చిల్లర స్పష్టంగా కనబడుతోంది. దాని వెనకే బామ్మర్ది మెసేజి: ‘‘బావా, ఆ అయిదు వేలు ఎప్పుడిస్తవ్?’’

వెంటనే ఫోన్ చేసి తీసేయమని అడిగితే, తీసేశామన్నారు. తీశారో లేదో దేవుడికే తెలియాలి. ఆ పది నిమిషాలు ఎంతమంది చూశారో కూడా తెలియదు. బామ్మర్దికి డబ్బు ఇచ్చేశాననుకోండి, అది వేరే సంగతి.

అందుకే ఈ పనికి ఒప్పుకునేవారికి కొన్ని మాటలు చెప్పక తప్పదు. రికార్డింగు మొదలుపెట్టే ముందు ‘డు నాట్ డిస్టర్బ్’ నొక్కితే పైనుంచి దిగే మెసేజీలు ఆగుతాయి. చాలా బ్యాంకు యాప్‌లు తెరను రికార్డు కానివ్వవు, అక్కడ నల్లగా వస్తుంది. కానీ మెసేజిలో వచ్చే ఓటీపీకి ఆ రక్షణ ఉందనుకోవద్దు. పంపే ముందు మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూసుకోవాలి. సంఘం లెక్కలైతే సభ్యుల అసలు పేర్లు, అసలు బాకీలు పెట్టకుండా ఉత్త పేర్లతో చేయడం మేలు. ఒకరి అప్పు ఇంకొకరికి చూపించే హక్కు లెక్కలు రాసేవారికి కూడా లేదు కదా.

ఇంకొకటి ముఖ్యమైనది. రికార్డు చేయడం వేరు, తెర పంచుకోవడం వేరు. రికార్డింగు మన ఫోన్‌లోనే ఉంటుంది, మనం పంపితేనే పోతుంది. తెర పంచుకుంటే అవతలివాడు అప్పటికప్పుడే మన ఫోన్ చూస్తుంటాడు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మబలికి, ఫలానా యాప్ వేసుకోండి, స్క్రీన్ షేర్ నొక్కండి అనే దొంగలు ఉన్నారు. దూరం నుంచి ఫోన్ నడిపించే ఇలాంటి యాప్‌ల మోసాల గురించి 2019లోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. నిజంగా యాప్ బాగు చేసుకోవాలనుకునే కుర్రాడు మీ ఓటీపీ అడగడు, బ్యాంకు యాప్ తెరవమనడు.

పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి సమ్మతి తీసుకోవాలనే అంటోంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలూ పెట్టింది. రికార్డింగు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

పూట కూలి ఎవరిస్తరు?

మన అక్క అడిగిన ప్రశ్న ఇది. మొదటి మూడు రికార్డింగులు ఊరికే పంపింది. నాలుగోసారి అడిగినప్పుడు, ‘‘తమ్మీ, నేను చెప్పిన తప్పుతోని నీ కంపెనీ బాగుపడుతది. మరి నా పూట కూలి ఎవరిస్తరు?’’ అని రికార్డింగులోనే అడిగేసింది. అది కూడా ఒక అభిప్రాయమే కదా! కుర్రాడు మొదట ఫోన్ రీఛార్జి చేయించాడు. తరువాత గంటకు ఇంత అని ఖాతాలో వేయడం మొదలుపెట్టాడు. ఎంత అన్నది ఇద్దరూ చెప్పలేదు. ‘‘కలుపు తీసేదాని కన్న తక్కువ లేదు’’ అని మాత్రం ఆమె అంది.

పట్నంలో నిపుణుడిని పిలిచి అడిగితే ఫీజు ఇచ్చే కంపెనీలు, పల్లెలో ఆడమనిషి చెబితే బూందీ తిని వెళ్లిపోవడం ఈ విలేఖరికి న్యాయంగా తోచడం లేదు. వడ్డీ గడిలో తప్పు పట్టింది ఆమే కదా.

అడిగినవారిలోనూ రకాలున్నారు. ఇంకో యాప్‌వాళ్లకు ఒక రైతు ఇలాగే రికార్డింగు పంపితే, ‘మీరు సరిగ్గా వాడలేదు’ అని జవాబు వచ్చిందట. ఆయన ఆ యాప్ తీసి పారేశాడు. మళ్లీ ఎవరికీ పంపలేదు.

కిందటి వారం లెక్కల యాప్ కొత్తగా మారి వచ్చింది. ‘వడ్డీ శాతం’ గడి పోయింది. ఆ చోట ‘నెలకు నూటికి ఎన్ని రూపాయలు?’ అని ఉంది. 1 కొట్టగానే కింద, ‘పదివేలకు నెలకు 100 రూపాయలు, సరేనా?’ అని అడుగుతుంది. ‘సమర్పించు’ పోయి ‘రాసుకో’ వచ్చింది. అక్క ఆ పేజీని ఈ విలేఖరికి రెండుసార్లు తిప్పి చూపించింది. హోటల్ కాకాకు కూడా చూపించింది.

షిఫ్టు బస్సు వచ్చి కుర్రాళ్లు ఎక్కేశారు. చౌరస్తా కాస్త సద్దుమణిగింది. ఆమె తెర పైనుంచి వేలితో కిందికి లాగి, రికార్డు బొత్తాం నొక్కి, గొంతు సవరించుకుంది.

‘‘తమ్మీ, వడ్డీ మంచిగైంది. గిప్పుడు కిస్తీ కాడికి వచ్చిన. ఒకామె ఐదొందలకు మూడొందలే కట్టింది. మిగిలిన రెండొందలు ఏడ రాయాలె? జాగ లేదు. ఇగో, ఏడ ఆగిందో నువ్వే చూడు...’’